పచ్చకామెర్లున్న పసిబిడ్డకు తల్లిపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రసవాల వార్డులో కొత్త తల్లుల పక్కన కూర్చుని, బిడ్డను రొమ్ముకు పట్టించడంలో సాయం చేసే పని నాది. మూడో రోజు వచ్చేసరికి ఎవరో ఒకరు బిడ్డను కిటికీ దగ్గరికి ఎత్తుకొచ్చి "చూడండి, పచ్చగా లేదూ?" అంటారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే. అందుకే వాటిని అడిగినవాళ్ల మాటల్లోనే రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. రక్తపరీక్ష ఎప్పుడు చేయాలి, కామెర్లు తగ్గించే నీలం లైటు కింద పెట్టాలా వద్దా అన్నది బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి. ఇక్కడున్నది పాలు పట్టే సంగతి, దాని చుట్టూ అల్లుకున్న భయాల సంగతి.

## పుట్టిన మొదటి రెండు రోజులు

అసలు బిడ్డ ఎందుకు పచ్చబడతాడు? నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?

మీ పొరపాటేమీ లేదు. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో 100కి సుమారు 60 మందికి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో సుమారు 80 మందికి మొదటి వారంలో ఎంతోకొంత పసుపు కనిపిస్తుంది.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్రరక్తకణాలు ఎక్కువ కావాలి. పుట్టి సొంతంగా ఊపిరి పీల్చడం మొదలెట్టాక అన్ని అక్కర్లేదు. పైగా పసివాళ్ల ఎర్రకణాల ఆయుష్షు 70 నుంచి 90 రోజులే. పెద్దవాళ్లవి 120 రోజులదాకా ఉంటాయి. అవి విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని మార్చి పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపడం కాలేయం పని. కడుపులో ఉన్నన్నాళ్లూ ఈ భారం మాయ ద్వారా తల్లి శరీరమే మోసింది. పుట్టాక బిడ్డ కాలేయం ఆ పని అందుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పేగుల్లోకి చేరిన బిలిరుబిన్ మలంతో బయటికి పోవాలి. మలం అక్కడే నిలిచిపోతే పేగు దాన్ని మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటుంది. పాలకూ కామెర్లకూ ఉన్న లంకె ఇదే. పాలు లోపలికి వెళ్తే మోషన్ అవుతుంది, మోషన్ అయితే పసుపు పోతుంది.

పుట్టిన రోజే పచ్చగా కనిపిస్తోంది. మామూలేనా?

కాదు. మామూలు కామెర్లు రెండో రోజో మూడో రోజో మొదలవుతాయి. 24 గంటలు నిండకముందే పసుపు కనిపిస్తే ఎర్రకణాలు ఏదో కారణంతో వేగంగా విరిగిపోతున్నాయేమో చూడాలి. తల్లీబిడ్డల రక్తం గ్రూపులు సరిపడకపోవడం, జి6పిడి అనే ఎంజైము లోపం లాంటివి కారణం కావచ్చు. రాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే చూపించాలి. పాలు పట్టడం మాత్రం ఆపక్కర్లేదు.

నాకు పాలే పడలేదు. రెండు చుక్కలు కూడా రావట్లేదు. బిడ్డకు సరిపోతుందా?

మొదటి రోజు ముర్రుపాలు చుక్కల లెక్కనే వస్తాయి. బిడ్డ ఒకసారికి తాగేదీ అంతే, సుమారు ఒక టీ చెంచాడు. అంతకంటే ఎక్కువ పట్టేంత పెద్దది కాదు ఆ పొట్ట. అయితే ఆ చెంచాడు చేసే పని చెంచాడంత కాదు. చిక్కగా, పసుపుగా ఉండే ముర్రుపాలకు విరేచనకారి గుణం ఉంది. పేగుల్లో పేరుకున్న తారులాంటి మొదటి నల్ల మలాన్ని అవి ముందుకు తోస్తాయి. ఆ నల్ల మలం నిండా బిలిరుబిన్ ఉంటుంది. అది ఎంత త్వరగా బయటపడితే అంత మంచిది.

బిడ్డ సరిగా పట్టుకోవడం లేదంటే చేత్తో పిండండి. బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు మరోవైపు, చనుమొనకు ఒక అంగుళం వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లను దగ్గరికి తేవాలి. చనుమొనను లాగకూడదు. శుభ్రమైన చెంచా కింద పట్టుకుంటే ఒక్కో చుక్కా అందులోకే జారుతుంది. నిమిషమో రెండు నిమిషాలో ఏమీ రాకపోయినా కంగారు పడకండి. ఆ చెంచాను బిడ్డ కింది పెదవికి ఆనిస్తే వాడే చప్పరిస్తాడు.

నాది ఓ గ్రూపు, బిడ్డది బి. నా పాలు తాగితే కామెర్లు పెరుగుతాయా?

పెరగవు. తల్లి ఓ, బిడ్డ ఎ లేదా బి అయినప్పుడు ఇబ్బంది పెట్టే యాంటీబాడీలు పుట్టకముందే మాయ ద్వారా బిడ్డ రక్తంలోకి వెళ్లినవి. పాల ద్వారా వెళ్లేవి ఆ పని చేయవు. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినా ఇదే మాట. ప్రసవం తర్వాత వేసే యాంటీ-డి ఇంజెక్షన్ వల్ల కూడా పాలు ఆపనవసరం లేదు. అయితే గ్రూపు తేడా ఉన్న బిడ్డకు బిలిరుబిన్ త్వరగా పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి పరీక్షలు ముందే, ఎక్కువసార్లు చేస్తారు. వాటికి అడ్డు చెప్పకండి.

పచ్చగా ఉందో లేదో నేనెలా చూడాలి?

పగటి వెలుగులో, కిటికీ పక్కన. ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది, బిడ్డకు పసుపు రంగు బట్టలున్నా అంతే. నుదుటి మీదో ఛాతీ మీదో వేలితో మెల్లగా నొక్కి వదలండి. నొక్కినచోట క్షణంసేపు పసుపు కనిపిస్తే కామెర్లున్నట్టే. చామనచాయ, నలుపు ఒంటిరంగున్న బిడ్డల్లో చర్మం మీద తెలియకపోవచ్చు. వాళ్లకు కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు చూడాలి. పసుపు ముఖం నుంచి పొట్టకు, కాళ్లకు దిగుతుందన్న మాట నిజమే. కానీ ఎక్కడిదాకా దిగిందో చూసి ఎంత ఉందో లెక్కకట్టడం అనుభవమున్న డాక్టర్లకే కుదరదు. కంటితో అనుమానించాలి, అంకె కోసం పరీక్షకు వెళ్లాలి.

గ్లూకోజు నీళ్లు పడితే కామెర్లు కడిగేసినట్టు పోతాయంటున్నారు. పట్టొచ్చా?

వద్దు. ఈ బిలిరుబిన్ నీళ్లలో కరిగేది కాదు. నీళ్లు పోస్తే మూత్రం పెరుగుతుంది, పసుపు కదలదు. అది పోయేది మలం దారిలో, మలం కావాలంటే పాలు కావాలి. నీళ్లతో పొట్ట నిండిన బిడ్డ పాలు తాగడు, అంటే కామెర్లు తగ్గకపోగా పెరుగుతాయి. కామెర్లు రాకుండా ఉండాలని నీళ్లు, చక్కెర నీళ్లు పట్టవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాల్లోనూ ఉంది. తేనె అసలే వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

## మూడో రోజు నుంచి మొదటి వారం చివరిదాకా

బిడ్డ ఎంతసేపూ నిద్రే. రెండు గుక్కలు తాగి మళ్లీ పడుకుంటున్నాడు. లేపాలా?

లేపాలి. మొహమాటం లేకుండా లేపాలి. నిద్రపోతున్న బిడ్డను లేపకూడదన్న మాట కామెర్లున్న బిడ్డకు వర్తించదు. బిలిరుబిన్ పెరిగితే మత్తు వస్తుంది, మత్తుగా ఉంటే తాగడు, తాగకపోతే మోషన్ కాదు, బిలిరుబిన్ ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి. మన చేతిలో ఉన్నది పాలు పట్టడమే. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు, అంటే రాత్రి కూడా రెండు మూడు గంటలకు మించి వదలకుండా.

ఎలా లేపాలన్నది అసలు సమస్య. ముందు చుట్టిన బట్ట విప్పేయండి. వెచ్చగా చుట్టి ఉన్న బిడ్డ తాగడు, పడుకుంటాడు. డైపర్ మార్చండి. అరికాళ్లు, వెన్ను మెల్లగా నిమరండి. డైపర్ ఒక్కటే ఉంచి మీ ఛాతీకి ఆనించి పడుకోబెట్టుకోండి. చాలాసార్లు అక్కడే తల తిప్పి నోరు తెరుస్తాడు. తాగుతూ తాగుతూ దవడ ఆగిపోయిందా, రొమ్మును చేత్తో మెల్లగా నొక్కి పట్టుకోండి. పాలు నోట్లోకి చిమ్మగానే మళ్లీ మింగుతాడు. అదీ ఆగితే రెండోవైపు మార్చండి. అలా ఒక్కో పూటకు రెండు మూడుసార్లు అటూ ఇటూ మార్చినా పరవాలేదు.

ఇన్ని చేసినా ఆరు నిమిషాలు కూడా తాగకుండా పడుకుంటున్నాడంటే పాలు పిండి చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టండి. బిడ్డను కూర్చున్నట్టు పట్టుకుని, పెదవికి ఆనించి, వాడు మింగుతున్నకొద్దీ ఇవ్వాలి. పడుకోబెట్టి నోట్లో పోయకూడదు. వరసగా రెండు పూటలు లేపినా లేవకపోతే అది నిద్ర కాదు. ఆసుపత్రికి వెళ్లండి.

పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? కొలిచేది కాదు కదా!

డైపర్ చెబుతుంది. మొదటి రోజు కనీసం ఒక తడి డైపర్, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఇలా పెరుగుతూ ఐదో రోజు నుంచి రోజుకు ఆరో అంతకంటే ఎక్కువో ఉండాలి. డైపర్ తడిసిందో లేదో తెలియడం లేదని చాలామంది అంటారు. ఒక కొత్త డైపర్‌లో మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి చేత్తో పట్టి చూడండి. తడి డైపర్ బరువు ఎలా ఉంటుందో చేతికి గుర్తుంటుంది.

మలం రంగు ఇంకా బాగా చెబుతుంది. మొదట నల్లగా, మూడో రోజుకు ఆకుపచ్చగా, నాలుగైదు రోజులకు ఆవాల రంగు పసుపులోకి మారాలి. రోజుకు మూడు నాలుగు మోషన్లు కావాలి. ఐదో రోజుకు కూడా నల్లగానే ఉందంటే పాలు చాలడం లేదు. నాలుగో రోజు తర్వాత మూత్రంలో ఇటుకపొడి రంగు మరక కనిపించినా అదే అర్థం.

తాగేటప్పుడు గడ్డం చూడండి. గడ్డం కిందికి బాగా దిగి, క్షణం ఆగి, మళ్లీ పైకి వస్తే ఒక గుటక దిగినట్టు. గడ్డం చిన్నగా, గబగబా ఆడుతుంటే చప్పరిస్తున్నాడు తప్ప తాగడం లేదు. నలభై నిమిషాలు రొమ్ము దగ్గరే ఉన్నాడు అన్న లెక్కకు విలువ లేదు. గుటకల లెక్కకే విలువ.

బరువు తగ్గాడు. కామెర్ల వల్లా?

పుట్టిన తర్వాత కొంత తగ్గడం మామూలే. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 200 గ్రాములదాకా తగ్గితే పాలు పట్టే తీరు ఒకసారి చూడాలి. 300 గ్రాములు, అంటే 10 శాతం తగ్గితే పాలు అందడం లేదనే అనుకుని వెంటనే సరిచేయాలి. చాలావరకు తక్కువ పాలు బరువునూ తగ్గిస్తాయి, కామెర్లనూ పెంచుతాయి. 10 నుంచి 14 రోజులకు పుట్టిన బరువు తిరిగి రావాలి.

తల్లిపాల వల్లే కామెర్లు వచ్చాయన్నారు. ఆపేయాలా?

ఈ మాట విని ఏడ్చిన తల్లులను చాలామందిని చూశాను. ఇలాంటి పేర్లు పెట్టినవాళ్లు తల్లుల గురించి ఆలోచించినట్టు లేదు. మొదటి వారంలో తల్లిపాల కామెర్లు అంటే నిజానికి తల్లిపాలు తక్కువైన కామెర్లు. బిడ్డ సరిగా పట్టుకోకపోవడం, తక్కువసార్లు పట్టడం, నిద్రమత్తు, సిజేరియన్ తర్వాత పాలు పడటం ఆలస్యం కావడం లాంటివి కారణాలు. విరుగుడు పాలు ఆపడం కాదు, ఎక్కువ అందేలా చూడటం. పాలు పట్టడం తెలిసినవాళ్లు ఒక్క పూటైనా పక్కన కూర్చుని బిడ్డ పట్టు చూడాలి. నోరు బాగా తెరిచి, చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా లోపలికి వెళ్లేలా పట్టుకుంటేనే పాలు వస్తాయి. తాగి వదిలాక చనుమొన లిప్‌స్టిక్ కొనలా ఒకవైపు నొక్కుకుపోయి ఉంటే పట్టు సరిగా లేనట్టే.

డబ్బాపాలు ఇవ్వమన్నారు. ఇస్తే నా పాలు పోతాయా?

అవసరమైతే ఇవ్వండి, అపరాధభావం వద్దు. బిడ్డ బరువు బాగా పడిపోయి, మీ పాలు ఇంకా రాకపోతే ఆకలితో ఉంచడం కంటే డబ్బాపాలు మేలు. అయితే వరస ఒకటుంది. ముందు మీరే పిండిన పాలు, అవి చాలకపోతే పాలబ్యాంకులో శుద్ధిచేసిన దాతల పాలు, అవీ దొరక్కపోతే డబ్బాపాలు. డబ్బాపాలు రాసిచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్లు? చివరి ప్రశ్నకు సమాధానం లేకుండా ఇంటికి వెళ్లకండి. తాత్కాలికంగా మొదలైనవి అలాగే ఉండిపోయేది అక్కడే. ముందు రొమ్ము పట్టి, తర్వాతే పైపాలు ఇవ్వండి. పైపాలు పట్టిన ప్రతిసారీ మీ పాలు పిండండి లేదా పంపుతో తీయండి. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు తయారవుతాయి.

పొద్దున్న ఎండలో పెడితే సరిపోతుందా?

సరిపోదు. ఎండలో నీలపు వెలుగు ఉన్న మాట నిజమే, కానీ దానితోపాటు చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలూ ఉంటాయి. బట్టల్లేకుండా పెడితే గాలికి ఒళ్లు చల్లబడొచ్చు, వేడికి కాగిపోనూవచ్చు. బట్టలతో పెడితే వెలుగు ఒంటికి తగలదు. ఎంత మోతాదు పడిందో ఎవరూ చెప్పలేరు. నైజీరియాలో, అతినీలలోహిత కిరణాలను ఆపే ప్రత్యేకమైన పొరల కింద, నర్సుల పర్యవేక్షణలో ఎండతో చికిత్స చేసి మంచి ఫలితాలు చూశారు. అది వేరు, మన కిటికీ వేరు. ఎండలో పెట్టడం కంటే నాకు భయం, ఎండలో పెట్టాం కదా అని పరీక్ష మానేయడం గురించి.

నేను పథ్యం చేస్తే, పసుపు రంగువి మానేస్తే తగ్గుతుందా?

తగ్గదు. బిడ్డ పసుపు వాడి రక్తకణాల్లోంచి వచ్చింది, మీ పళ్లెంలోంచి కాదు. కడుపునిండా తినండి, దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగండి.

## లైటు కింద పెట్టినప్పుడు

ఆ నీలం లైటు ఏం చేస్తుంది? బిడ్డకు వేడి తగలదా?

460 నుంచి 490 నానోమీటర్ల నీలం-ఆకుపచ్చ వెలుగు చర్మంలోని బిలిరుబిన్ ఆకారాన్ని మార్చేస్తుంది. మారినది కాలేయం మళ్లీ మార్చే పని లేకుండానే పైత్యరసంలోకి, మూత్రంలోకి వెళ్లిపోతుంది. ఇది అతినీలలోహిత కాంతి కాదు. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలతో వేడీ తక్కువే.

దీన్ని కనిపెట్టిన కథ నాకు ఇష్టం. 1950ల్లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫోర్డ్ జనరల్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసిబిడ్డలను బయట ఎండలోకి తీసుకెళ్లేది. ఒకరోజు ఒక బిడ్డ ఒంటి మీద, దుప్పటి కప్పి ఉన్నచోట మాత్రమే పసుపు మిగలడం ఆమె కంటపడింది. అదే ఆసుపత్రిలో కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిన రక్తం సీసాలో బిలిరుబిన్ తగ్గి కనిపించింది. డాక్టర్ రిచర్డ్ క్రెమర్ బృందం దాని మీద పనిచేసి 1958లో వైద్యపత్రిక లాన్సెట్‌లో ప్రచురించింది.

పాలు పట్టడానికి బిడ్డను లైటు కింద నుంచి తీయొచ్చా?

తీయొచ్చు, తీయాలి. చాలామంది బిడ్డల విషయంలో మూడు గంటలకోసారి ఒక అరగంటదాకా బయట ఉంచి పాలు పట్టి, డైపర్ మార్చి, ఎత్తుకుని మళ్లీ పడుకోబెట్టొచ్చు. ఆ అరగంటలో కళ్లకు కట్టిన గంతలు తీసేయండి. వాడు మీ ముఖం చూస్తే బాగా తాగుతాడు. బిలిరుబిన్ చాలా ఎక్కువగా ఉండి డాక్టరు లైటు ఆపొద్దంటే మాత్రం పాలు పిండి, లైటు కిందే పట్టాలి. కొన్నిచోట్ల వెలిగే చాప లాంటి పరికరం ఉంటుంది. దాన్ని వీపుకు ఆనించి ఉంచి ఒళ్లోనే పాలు పట్టొచ్చు, ఉందేమో అడగండి.

లైటు కింద పెట్టాక మోషన్లు పలచగా, ఆకుపచ్చగా అవుతున్నాయి. నా పాలు పడలేదా?

పాలు పడకపోవడం కాదు, లైటు పనిచేస్తున్న గుర్తు. బిలిరుబిన్ బయటికి పోతోంది. ఒంటి మీద చిన్న దద్దుర్లు కూడా రావచ్చు, వాటంతటవే పోతాయి. నీళ్లు ఎక్కువగా పోతాయి కాబట్టి పాలు ఇంకా తరచుగా పట్టండి.

బిడ్డ ఐసీయూలో, నేను వార్డులో. పాలెలా?

ప్రసవమైన మొదటి ఆరు గంటల్లోపే పిండటం మొదలుపెడితే మంచిది. రోజుకు ఎనిమిది సార్లు, అందులో ఒక్కసారైనా అర్ధరాత్రి దాటాక. మొదట్లో సీసా అడుగు తడవకపోయినా పంపించండి. సిరంజితో ఒక మిల్లీలీటరు తీసుకున్నా అది ముర్రుపాలే.

బిలిరుబిన్ రీడింగ్ 15 అన్నారు. ప్రమాదమా?

అంకె ఒక్కటే చెబితే ఏమీ తెలియదు. పుట్టి ఎన్ని గంటలైంది, ఎన్నో వారంలో పుట్టాడు, గ్రూపు తేడా, జి6పిడి లోపం, ఇన్ఫెక్షన్ ఉన్నాయా అన్నవి కలిపి చూస్తారు. అదే 15 ఒకటిన్నర రోజుల బిడ్డలో గట్టి హెచ్చరిక. ఐదో రోజున, నెలలు నిండి, చక్కగా తాగుతున్న బిడ్డలో లైటు కూడా అక్కర్లేకపోవచ్చు. అందుకే పక్కమంచం బిడ్డ అంకెతో పోల్చుకుని టెన్షన్ పడొద్దు. రిపోర్టులో 200, 250 లాంటి అంకెలు చూసి బెదిరిపోకండి, అవి మైక్రోమోల్స్ కావచ్చు. వాటిని 17.1తో భాగిస్తే ఈ 15 లాంటి మిల్లీగ్రాముల లెక్క (డెసిలీటరు రక్తానికి) వస్తుంది. ఇంకొకటి: లైటు కింద ఉన్న బిడ్డకు చర్మం మీద ఆనించే మీటరు సరైన అంకె చూపించదు, రక్తం తీయక తప్పదు.

## ఇంటికి వచ్చాక

లైటు తీసేశాక మళ్లీ పెరుగుతుందా?

కొంచెం పెరగొచ్చు. అందుకే లైటు ఆపిన 12 నుంచి 24 గంటల తర్వాత మరోసారి చూస్తారు. ఇంటికి పంపేటప్పుడు చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లండి. చాలామంది బిడ్డల్లో పసుపు బాగా పెరిగేది మూడు నుంచి ఐదు రోజుల మధ్య, సరిగ్గా తల్లీబిడ్డలు ఇల్లు చేరే సమయంలోనే. 35 నుంచి 37 వారాల మధ్య పుట్టిన బిడ్డలైతే మరీ జాగ్రత్త. చూడ్డానికి నెలలు నిండినట్టే ఉంటారు, తాగడంలో మాత్రం త్వరగా అలసిపోతారు.

ఏం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి?

లేపినా లేవకపోవడం, రొమ్ము నోట్లో పెట్టినా చప్పరించకపోవడం, కీచుగా సాగదీసి ఏడవడం, ఒళ్లు గుడ్డపీలికలా వాలిపోవడం, లేదా మెడ, వీపు వెనక్కి విల్లులా వంగడం, జ్వరం, ఆరేడు గంటలుగా తడి డైపర్ లేకపోవడం, పసుపు గంటగంటకూ ముదరడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా బయల్దేరండి. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకు చేరి వినికిడి, కదలికలు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. సమయానికి లైటు, అవసరమైతే రక్తమార్పిడి చేస్తే దీన్ని ఆపొచ్చు.

బాబుకు జి6పిడి లోపం ఉందన్నారు. పాలు పట్టొచ్చా?

నిరభ్యంతరంగా. కానీ బీరువాలోని కలరా ఉండలు బయట పారేయండి. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు, దుప్పట్లు ఈ బిడ్డలకు తగిలితే ఎర్రకణాలు ఒక్కసారిగా విరిగిపోతాయి. నెలల తరబడి బీరువాలో దాచిన పాత బట్టలు తీసి తొడగడం చాలా ఇళ్లలో జరిగేదే. పాలిచ్చే తల్లి కూడా సల్ఫా మందులు, ఫావా చిక్కుళ్లు మానాలి. ఏ మందు రాసినా బిడ్డకు ఈ లోపం ఉందని ముందే చెప్పండి.

టీకాలు వాయిదా వేయాలా?

మామూలు కామెర్లకు అక్కర్లేదు.

## రెండు వారాలు దాటాక

మూడు వారాలైంది, బిడ్డ బాగానే తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి!

తల్లిపాలు తాగే బిడ్డల్లో ఇది అరుదేమీ కాదు. మొదటి వారం చివర్లో మొదలై, రెండో వారంలో ఎక్కువై, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఒక్కోసారి 12 వారాలదాకా పడుతుంది. పాలలోని కొన్ని పదార్థాలు పేగు నుంచి బిలిరుబిన్ తిరిగి రక్తంలో కలవడాన్ని పెంచుతాయి. బిడ్డ హుషారుగా ఉండి ఎదుగుతుంటే పాలు ఆపకుండా కనిపెట్టుకుని ఉంటే చాలు. కాకపోతే ఇది తల్లిపాల కామెర్లే అని తేల్చాల్సింది మనం కాదు, పరీక్ష. నెలలు నిండిన బిడ్డకు రెండు వారాలు, నిండనివాళ్లకు మూడు వారాలు దాటినా పసుపు ఉంటే డైరెక్ట్ బిలిరుబిన్, అంటే కాలేయం అప్పటికే మార్చిన బిలిరుబిన్, ఎంతుందో తప్పకుండా చూడాలి. అది 1 మిల్లీగ్రాము దాటితే కాలేయం సంగతి చూడాలి. థైరాయిడ్ కూడా ఒకసారి చూస్తారు.

రెండు రోజులు పాలు ఆపి చూడమన్నారు. ఆపాలా?

ఒకప్పుడు ఇలా ఆపి, పసుపు తగ్గితే తల్లిపాల కామెర్లని తేల్చేవారు. ఇప్పుడు మామూలుగా అవసరం లేదు. ఆ రెండు రోజుల్లో పాలు గడ్డకట్టి తల్లికి నొప్పి, జ్వరం రావచ్చు. బిడ్డ సీసాకు అలవాటు పడితే తిరిగి రొమ్ముకు రావడం కష్టం. ఎందుకు ఆపమంటున్నారో, ఆపకుండా ఇంకో దారి ఉందో డాక్టరును నేరుగా అడగండి. అరుదైన కారణాలతో తప్పదంటే రోజుకు ఎనిమిది సార్లు పిండి దాచుకోండి.

మోషన్ తెల్లగా, సుద్దలా వస్తోంది. పాల వల్లేనా?

పాల వల్ల కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను భయపెట్టడానికే రాస్తున్నాను. మలానికి రంగు పైత్యరసం వల్ల వస్తుంది. తెల్లగా, సుద్దలా, బూడిదరంగులా ఉంటే పైత్యరసం పేగుకు చేరడం లేదు. దానితోపాటు పసిబిడ్డ మూత్రం నీళ్లలా కాకుండా ముదురు పసుపుగా డైపర్‌కు మరక పడుతుంటే అదే రోజు చూపించండి. పైత్యనాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీషియా అనే జబ్బు ఇలాగే మొదలవుతుంది. బిడ్డ అప్పటికి బొద్దుగా, బాగానే కనిపిస్తాడు కాబట్టి పాల కామెర్లేలే అని వదిలేస్తారు. దీనికి జపాన్ సర్జన్ మోరియో కసాయ్ పేరుతో ఒక ఆపరేషన్ ఉంది. అది 60 రోజుల లోపు జరిగితే ఫలితం బాగుంటుంది. అనుమానం ఉంటే డైపర్‌ను పగటి వెలుగులో ఫోటో తీసి తీసుకెళ్లండి. ఆసుపత్రికి వెళ్లేసరికి బిడ్డ మోషన్ చేయకపోవచ్చు, మన మాటల్లో రంగు సరిగా అందదు.

తర్వాతి బిడ్డకు కూడా వస్తుందా?

అన్నకో అక్కకో లైటు పెట్టాల్సి వచ్చి ఉంటే తర్వాతి బిడ్డకు అవకాశం ఎక్కువే. కాన్పుకు వెళ్లినప్పుడే ఆ సంగతి చెప్పండి, పాత రిపోర్టు ఉంటే అదీ తీసుకెళ్లండి. ఈసారి పుట్టిన గంటలోపే రొమ్ముకు పట్టించమని అడగండి.